సీటు కవరు కుట్టిన చేతులు

ఇరుగుపొరుగు వాళ్లే వేషాలు కట్టే బ్రిటన్ ఔత్సాహిక బృందాలు ‘మేడ్ ఇన్ డాగెన్‌హామ్’ను ఇష్టంగా ఆడుతుంటాయి. 2010లో సినిమాగా, 2014లో సంగీత నాటకంగా వచ్చిన ఈ కథ ఫోర్డ్ కర్మాగారంలో కారు సీట్ల కవర్లు కుట్టిన ఆడవాళ్లది.

ఎంత నేర్పున్న పని అది! రకరకాల ఆకారాల్లో కత్తిరించిన ముక్కల్లో ఏ అంచు దేనితో కలవాలో వేళ్లకు తెలియాలి. మందపాటి సరుకును మలుపు దగ్గర ముడత పడకుండా సూది కింద తిప్పాలి. కొలువు కావాలంటే మిషన్ మీద కుట్టి చూపించాల్సిందే. అయినా యాజమాన్యం వాళ్లను తక్కువ నైపుణ్యపు ‘బి’ గ్రేడులో పడేసింది.

1968 జూన్ 7న 187 మంది మిషన్లు ఆపేశారు.

రోజ్ బోలండ్ వంటివారు ముందు నిలిచారు. సీట్లు లేక కార్ల తయారీయే నిలిచిపోయింది. మూడు వారాలకు మంత్రి బార్బరా కాజిల్ వాళ్లను పిలిచి మాట్లాడారు. మగవాళ్లకంటే తక్కువగా ఉన్న వేతనం వాళ్ల రేటులో 92 శాతానికి పెరిగింది. 1970లో సమాన వేతన చట్టం వచ్చింది.

నైపుణ్యానికి గుర్తింపుగా అడిగిన ‘సి’ గ్రేడు మాత్రం అప్పుడు దక్కలేదు. దానికోసం 1984లో కుట్టుపనివాళ్లు మళ్లీ సమ్మెకు దిగి, సాధించుకున్నారు. ఆ రెండో పోరాటానికీ ఒక నాటకం రావాలి.