కుమ్మరింటి నుంచి కాటిదాకా

శంషాబాద్‌లో విమానాశ్రయం 2008 మార్చిలో మొదలైంది. అమెరికా నుంచి కొడుకు దిగేదాకా తండ్రి శవాన్ని ఫ్రీజర్ పెట్టెలో ఉంచడం ఈ చుట్టుపక్కల ఇప్పుడు మామూలే. వచ్చినవాడు తలమీద నీళ్లు పోసుకుని, తడిబట్టలతో కుండ భుజానికెత్తుకుంటాడు. చితి చుట్టూ తిరుగుతుంటే వెనకున్న పెద్దాయన చుట్టుకొక చిల్లు పెడతాడు. చివరి చుట్టయ్యాక, కొడుకు వెనక్కి చూడకుండా కుండను వదిలేస్తాడు, అది పగిలి పెంకులవుతుంది.

నా కళ్లు మాత్రం ఆ పెంకుల మీదే ఉంటాయి. పెళ్లికి ఐరేని కుండలు కావాలంటే బాజాలతో కుమ్మరింటికి పోతాం. చావుకుండకు ఎవరో ఒకరు బండిమీద పోయి చప్పుడు చేయకుండా తెస్తారు. కుమ్మరి మాత్రం రెండింటికీ అదే చెరువు మట్టి తొక్కాడు, అదే సారె తిప్పాడు. నిండా నీళ్లున్నా భుజంమీద నిలవాలి. చిల్లు పెడితే అక్కడే బొక్క పడాలి, నిలువునా చీలకూడదు. సరిగ్గా కాలని కుండ ఆ పని చేయలేదు.

మన నేలమీద చావుకు కుండ చేసే ఈ పని చాలా పాతది. గచ్చిబౌలిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆవరణలోనే ఆచార్య కె.పి. రావు బృందం ఇనుపయుగపు సమాధులు తవ్వింది. హష్మత్‌పేటలో, మౌలాలిలో కూడా అలాంటివున్నాయి. పల్లెల్లో రాకాసిగుళ్లంటారు. ఆ కాలపువాళ్లు చచ్చినవాళ్ల పక్కన కుండలు పెట్టారు. లోపల నలుపు, బయట ఎరుపు ఉండే ఆ కుండలు చూస్తే నాకిప్పటికీ ఆశ్చర్యమే. బోర్లించి కాలిస్తే లోపలికి గాలి అందక నల్లబడుతుంది, బయట గాలి తగిలి ఎర్రబడుతుంది. నిప్పును అంతగా ఎరిగినవాళ్లు తమ పనితనాన్ని మట్టిలో పాతిపెట్టడానికి ఇచ్చారు. జపాన్‌లోనూ ఐదో శతాబ్దం నుంచి, కొరియా మీదుగా వచ్చిన విద్యతో వెయ్యి డిగ్రీలకు పైగా కాల్చిన బూడిదరంగు సుయె పాత్రలను పెద్దల సమాధుల్లో పెట్టారు.

మన సమాధి కుండల్లో కొన్నింటిమీద గీతలుంటాయి. నిజాం పురావస్తు శాఖను నడిపిన గులాం యజ్దానీ 1917లోనే వాటి గురించి రాశారు. 1960లో బి.బి. లాల్ వాటిని హరప్పా గుర్తులతో పోల్చారు. వాటి అర్థం మీద వాదన ఇంకా తెగలేదు. నన్ను పట్టుకున్నది వేరే సంగతి: ఆ గీతల్లో చాలా వరకు కాల్చిన తర్వాత గోకినవి. అంటే కుమ్మరి చేతినుంచి కుండ అందుకున్నాక, ఎవరో దాన్ని ఒళ్లో పెట్టుకుని, గట్టి మొనతో, ఓపిగ్గా గీసి ఉండాలి. కుండ తేవడాన్ని వాళ్లు ఇంకొకరికి అప్పజెప్పలేదనే నేను అనుకుంటాను.