విమానం - కవి దృక్పథం

మన కవిత్వంలో విమానం ఎక్కువగా లోహపక్షిగానో, మృత్యువు రెక్కగానో కనిపిస్తుంది. ప్రతీకగా అది చెల్లుతుంది. కాని యుద్ధవ్యతిరేక కవిత అక్కడే ఆగిపోతే పాఠకుడికి భయం మిగులుతుంది, అవగాహన మిగలదు. ఆ విమానం ఎవరి సొమ్ముతో ఎగిరింది, ఎవరి నెత్తిన ఎగిరింది అన్న ప్రశ్నలు కవి వేసుకోవాలి.

ఉదాహరణకు దూరం పోనక్కరలేదు. మొదటి ప్రపంచయుద్ధంలో, 1918లో జర్మన్ పట్టణాలపై బాంబులు వేసిన బ్రిటిష్ 110వ స్క్వాడ్రన్‌కు ‘హైదరాబాద్ స్క్వాడ్రన్’ అని పేరు. దాని తొలి డి.హెచ్.9ఏ విమానాలు నిజాం కానుక. ఆ సంగతి ప్రతి విమానం మీదా రాశారు. నిజాం రాజ్యానికి శిస్తు కట్టిన తెలంగాణ రైతు ఊసు అందులో లేదు. జర్మన్ కార్మికుడితో ఆ రైతుకున్న పగ ఏమిటి?

అయితే తొందరపడి తీర్పు చెప్పరాదు. 1940లో హైదరాబాద్ పేరునే ధరించిన 152వ స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్లు బ్రిటన్ గగనతలంలో నాజీ విమానాలను ఎదుర్కొన్నాయి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేసినప్పుడు కింద ఉన్నది మన ప్రజలే. యంత్రం ఏ శక్తుల చేతిలో, ఏ యుద్ధంలో ఉన్నదన్నదాన్ని బట్టి దాని అర్థం మారుతుంది.

లోహపక్షి అనే మాట ఈ తేడాను చెరిపేస్తుంది. పక్షికి యజమాని ఉండడు.

వరంగల్ యువకవులకు నిజాం నాటి మామునూరు విమానాశ్రయం దగ్గరలోనే ఉంది. దానిమీద కవిత రాసేటప్పుడు మొదట చూడవలసింది ఆ నేలను, ఆ నేల దున్నినవారిని.