పెరడుతో కొలిచిన అపార్ట్‌మెంటు

2025 ఆగస్టు 14న ముంబయిలోని వర్లీ బీడీడీ చాళ్లకు చెందిన 556 కుటుంబాలకు కొత్త ఫ్లాట్ల తాళంచెవులు అందాయి. నిన్నటిదాకా 160 చదరపుటడుగుల ఒంటిగది, అంతస్తుకంతటికీ కలిపి మరుగుదొడ్లు. ఇప్పుడు 500 చదరపుటడుగుల ఇల్లు, ఆకాశాన్నంటే భవనం, లిఫ్టు. పైసా కట్టకుండానే అద్దెకున్నవాళ్లు సొంతదారులయ్యారు.

ఈ వార్త ఆధారంగా తెలుగులో ఒక కథ వస్తే ఎలా ఉంటుంది? ఊహించడానికి పెద్దగా కష్టపడనక్కరలేదు. ఇరవయ్యో అంతస్తులో ఒక ముసలాయన ఉంటాడు. తులసికోటకు చోటుండదు. ఎదురింటివాళ్ల పేరు తెలియదు. కొడుకూ కోడలూ ఉద్యోగాలకు వెళ్తారు. ఆయన కిటికీ దగ్గర నిలబడి ఊళ్లో వదిలివచ్చిన పెరటిలోని జామచెట్టును తలచుకుంటాడు. కథ ముగుస్తుంది. ఇలాంటి కథలు మన వారపత్రికల్లో చాలా చదివాం, కొన్నిటికి బహుమతులూ వచ్చాయి. ఒకటి రెండు నాకూ నచ్చాయి. అయితే వర్లీలో తాళంచెవులు అందుకున్న కుటుంబాలకు ఈ కథ పనికిరాదు. ఎందుకు పనికిరాదో చూడటమే ఈ వ్యాసం ఉద్దేశం.

మన ఆధునిక కథలో ఇల్లంటే పెంకుటిల్లే. అరుగు, వసారా, నట్టిల్లు, వెనక పెరడు, పెరట్లో బావి. శ్రీరమణ 'మిథునం' ఈ ఊహకు పరాకాష్ఠ. అందులో ఇల్లూ పెరడూ ఆ దంపతులంత ముఖ్యమైన పాత్రలు. సత్యం శంకరమంచి 'అమరావతి కథలు' ఊరినంతటినీ ఒక ఇంటిగా చూపాయి. ఈ రచనల విలువను తగ్గించడం నా అభిమతం కాదు. కాని వీటిని చదివి పెరిగిన కథకులు అపార్ట్‌మెంటు దగ్గరికి వచ్చేసరికి అదే కొలబద్ద తీశారు. పెరడు లేదు, అరుగు లేదు, కనుక ఇది ఇల్లు కాదు అని తీర్పు చెప్పారు. పెరడు పోవాలంటే ముందు పెరడుండాలి. భూమి ఉన్న కుటుంబాల జ్ఞాపకాన్ని తెలుగువారందరి జ్ఞాపకంగా మన విమర్శ ఎప్పుడో ఒప్పేసుకుంది. రావిశాస్త్రి విశాఖ పేదల బతుకులను అంత దగ్గరగా చూపినా ఆ అలవాటు మారలేదు.

కరీంనగర్ ప్రాంతంలో ఒక మాట ఉంది: బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి. ఊళ్లో బతుకుతెరువు లేనివాడికి మిగిలే మూడు దారులివి. పందొమ్మిదో శతాబ్దానికే నిజాం రాజ్యం నుంచి బొంబాయికి చేరి కట్టడాల పనుల్లో కుదురుకున్న తెలుగు కూలీల పేరు మీదే కామాఠీపురా వెలిసింది. తరువాత పద్మశాలీలు వచ్చి మిల్లుల్లో చేరారు. ఊళ్లో మగ్గం గుంట, ఇక్కడ మిల్లులో పాళీ. వీళ్లు వదిలివచ్చినది పెరటితోట అని మన కథకుడికి ఎవరు చెప్పారో తెలియదు. వీళ్ల మనుమలకు జ్ఞాపకమున్న 'పాత ఇల్లు' చాళ్. కనుక అపార్ట్‌మెంటును దానితోనే పోల్చాలి.

ఇంతకీ ఆ పాత ఇల్లు ఎలాంటిది? 1920లలో బొంబాయి డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంటు వర్లీ, నాయ్‌గావ్, ఎన్.ఎం.జోషీ మార్గ్, శివడీ ప్రాంతాల్లో కాంక్రీటుతో 207 భవనాలు కట్టించింది. ఒక్క వర్లీలోనే 121. నేలంతస్తు, దానిమీద మూడు అంతస్తులు. అంతస్తుకు ఇరవై గదులు. మధ్యలో ఒక పొడుగాటి నడవ, దానికి అటూ ఇటూ గదుల వరసలు. అంతకు ముందు మిల్లుల చుట్టూ లేచిన ప్రైవేటు చాళ్లలో చాలావాటికి ఈ నడవ బయటివైపు, వీధి మీదికి తెరుచుకుని ఉండేది. దాన్నే గ్యాలరీ అంటారు. నిజానికి ఇల్లంటే గదీ నడవా కలిసి. మిల్లులు మూడు పాళీల్లో నడిచిన కాలంలో ఒకరు పనికి లేచిపోతే ఇంకొకరు వచ్చి ఆ చోటే పడుకునేవారు. మగవాళ్ల పడక నడవలో. పిల్లల చదువు నడవలోని దీపం కింద. పెళ్లి భోజనాలు నడవలో. శవం కూడా కాసేపు నడవలోనే. 160 చదరపుటడుగుల్లో ఏడెనిమిది మంది ఎలా ఉన్నారని ఆశ్చర్యపోయేవాళ్లు గదిని మాత్రమే కొలిచి నడవను మరచిపోతారు.

మరాఠీ సాహిత్యం ఈ నడవను మరచిపోలేదు. పు.ల.దేశ్‌పాండే 'బటాట్యాచీ చాళ్' 1958లోనే వచ్చింది. జయంత్ పవార్ నాటకం 'అధాంతర్' సమ్మె తరువాత ఒక మిల్లు కార్మికుడి కుటుంబం చెదిరిపోవడాన్ని ఒకే గదిలో చూపింది. ఆ పేరుకు అటూ ఇటూ కాక గాలిలో వేలాడటం అని అర్థం. మన త్రిశంకు స్వర్గానికి దగ్గరి మాట. 2010లో మహేశ్ మాంజ్రేకర్ దానినే సినిమాగా తీశాడు. ముంబయి, సోలాపూరు, భివండీల్లో చదువుకునే మన విద్యార్థులకు మరాఠీ వచ్చు గనుక ఈ నాటకం చదవమని గట్టిగా చెబుతాను. అపార్ట్‌మెంటు గురించి తెలుగులో రాయదలచినవాళ్లు ముందు చదవవలసిన రచన అదేనని నా అభిప్రాయం. పైగా అందులో అపార్ట్‌మెంటు లేదు.

అయితే మరాఠీ కొలబద్దనూ యథాతథంగా తీసుకోలేం. దేశ్‌పాండే చాళ్ ముఖ్యంగా గుమాస్తాల చాళ్. మిల్లు చాళ్ లోకం వేరు. ఆ హాస్యం గొప్పదే, కాని పొద్దున్నే బకెట్టు పట్టుకుని మరుగుదొడ్డి వరసలో నిలబడిన ఆడపిల్లకు అది ఎంత హాస్యమో ఎవరూ అడగలేదు. చాళ్ గురించి వినిపించే మరో మాట, అందరం ఒకే కుటుంబంలా ఉండేవాళ్లం అన్నది. 1974 జనవరిలో ఇదే వర్లీ బీడీడీ చాళ్లలో దళిత్ పాంథర్ల సభతో మొదలైన ఘర్షణలు రోజుల తరబడి సాగాయి. గది పక్కన గది ఉన్నంత మాత్రాన కులం గోడ కూలిపోలేదు. నడవ ప్రేమను పంచినట్టే నిఘానూ పంచింది. ఎవరింటికి ఎవరు వచ్చారో, ఏ పిల్ల ఎప్పుడు తిరిగొచ్చిందో నలభై కళ్లు చూసేవి. పెరడును తలచుకుని తెలుగు కథ ఏడ్చినట్టే గ్యాలరీని తలచుకుని మరాఠీ రచనలూ కొన్ని ఏడ్చాయి. రెండిటిలోనూ మరుగుదొడ్డి ప్రస్తావన తక్కువ.

ఫ్లాటు లోపలి సంగతి ఇలా ఉంటే బయటి సంగతి మరొకటి. ఆ ప్రాంతానికి గిరణ్‌గావ్ అని పేరు, అంటే మిల్లుల ఊరు. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో సుమారు రెండున్నర లక్షల మంది కార్మికులు సమ్మెకు దిగారు. ఆ దెబ్బకు మిల్లులు మళ్లీ కోలుకోలేదు. 1991 నిబంధనల ప్రకారం అమ్ముడయ్యే మిల్లు భూమిలో మూడోవంతు నగరపాలక సంస్థకు మైదానాలకోసం, మూడోవంతు ప్రభుత్వ గృహనిర్మాణానికి, మిగిలిన మూడోవంతు యజమానికి దక్కాలి. 2001లో చేసిన సవరణ ఈ పంపకాన్ని భవనాలు లేని ఖాళీ భాగానికే పరిమితం చేసింది. దాంతో పంచవలసిన భూమి బాగా తగ్గిపోయింది. 2006లో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది. మైదానాలు రావలసిన చోట ఏం వచ్చాయో లోయర్ పరేల్ స్టేషన్‌లో దిగినవాళ్లకు చెప్పనక్కరలేదు.

సాహిత్య విద్యార్థి ఇక్కడ మాటలను గమనించాలి. ప్రకటనల్లో ఈ మార్పుకు పెట్టిన పేరు పునరుజ్జీవనం. ఆ మాట వాడామంటే ఆ చోటు అంతకు ముందు చచ్చిపోయి ఉందని ఒప్పుకున్నట్టే. లక్షలమంది కాపురముంటున్న చోటును చచ్చినదనడానికి ధైర్యం కావాలి. ఇళ్ల దలాళ్లు లోయర్ పరేల్‌ను 'అప్పర్ వర్లీ' అని పిలవడం మొదలుపెట్టారు. ఒక్క విశేషణం మార్చి కింది ఊరిని పైకెత్తారు! మన ఆలంకారికులు చూసి ఉంటే దీనికి తప్పక ఒక పేరు పెట్టేవారు. ఫీనిక్స్ మిల్లు ఉన్నచోట అదే పేరుతో పెద్ద దుకాణ సముదాయం వెలిసింది. బూడిదలోంచి లేచే పక్షి పేరది. 2012లో సాహిత్య అకాడమీ బహుమతి పొందిన జయంత్ పవార్ కథల సంపుటి పేరుకు తెలుగు చేస్తే 'ఫీనిక్స్ బూడిదలోంచి లేచిన నెమలి' అవుతుంది. లేచింది అసలు పక్షి కాదు, మెరిసే ఈకలున్న వేరే పక్షి అని ఆ శీర్షిక ఒక్కటే చెప్పేస్తోంది.

ఆ సందడి బరువు ఎవరిమీద పడింది? మిల్లుల చోట కార్యాలయాలు వచ్చాయి, వేలమంది ఉద్యోగులు వచ్చారు, స్టేషన్ వంతెన మాత్రం పాతదే. 2017 సెప్టెంబరు 29న వానపడుతున్న ఉదయం ఎల్ఫిన్‌స్టన్ రోడ్ స్టేషన్ మెట్ల మీద తొక్కిసలాట జరిగి 20 మందికి పైగా చనిపోయారు. మరుసటి ఏడాది ఆ స్టేషన్ పేరు ప్రభాదేవిగా మారింది.

ఇంత చెప్పిన తరువాత కూడా కొత్త ఫ్లాటును తిట్టడానికి నాకు మనసొప్పదు. తలుపు వేసుకుని స్నానం చేయగలగడం, రాత్రిపూట భయం లేకుండా మరుగుదొడ్డికి వెళ్లగలగడం, కోడలికి ఒక గది ఉండటం చిన్న విషయాలు కావు. దీన్ని 'యాంత్రిక జీవితం' అని ఒక్క ముక్కలో తేల్చేసే కథకుడి ఇంట్లో ఎన్ని స్నానాలగదులున్నాయో అడగాలనిపిస్తుంది.

పోయినదేమిటన్న ప్రశ్నకు జవాబు పెరట్లోనూ దొరకదు, చాళ్ స్నేహాల్లోనూ పూర్తిగా దొరకదు. ఇల్లు పనిచోటు కూడా అన్న సంగతి అక్కడ పోతోంది. ఒంటిగా ఉండే మిల్లు కార్మికులకు వండిపెట్టి ఎందరో ఆడవాళ్లు తమ గదుల్లోనే ఖానావళులు నడిపారు. 1975లో ప్రేమా పురవ్ వాళ్లను కూడగట్టి అన్నపూర్ణ మహిళా మండల్ స్థాపించారు. ఇవాళ దేశమంతటికీ తెలిసిన లిజ్జత్ పాపడ్ 1959లో గిర్‌గావ్‌లోని చాళ్ డాబా మీద ఏడుగురు ఆడవాళ్లు మొదలుపెట్టినదే. కింద వీధి, పైన డాబా, మధ్యలో నడవ ఉన్నప్పుడు వంట సరుకవుతుంది. ముప్ఫయ్యో అంతస్తులో అప్పడాలు ఎక్కడ ఎండబెడతారు? భోజనానికి వచ్చే ముప్ఫైమందిని కాపలావాడు లిఫ్టెక్కనిస్తాడా? నెలనెలా కట్టవలసిన నిర్వహణ ఖర్చు ఏ సంపాదనలోంచి రావాలి?

సోలాపూరు విద్యార్థులకు ఇది మరింత సులువుగా అర్థమవుతుంది. అక్కడి బీడీ కార్మికుల్లో అధికభాగం తెలుగు ఆడవాళ్లు, చేట ఒళ్లో పెట్టుకుని ఇంట్లోనే బీడీలు చుట్టేవాళ్లు. నరసయ్య ఆడం నాయకత్వాన పోరాడి సాధించుకున్న 10,000 ఇళ్లు 2006లో కుంభారీ దగ్గర వాళ్ల చేతికి వచ్చాయి. 2024 జనవరిలో రేనగర్‌లో మరో 15,000 వచ్చాయి. ఇవి ఊరి చివరి ఇళ్లు, చుట్టూ మాల్ లేదు, ఏ ప్రకటనా వీటిని సందడిగల పేట అనదు. అయినా అడిగి కట్టించుకున్న ఇంటికీ ఎవరో కట్టి అప్పగించిన ఇంటికీ ఉన్న తేడా మీద ఒక మంచి నవల రాయవచ్చు. నాకు తెలిసి తెలుగులో అది ఇంకా రాలేదు.

ఈ మధ్య మా తరగతిలో 'మా ఇల్లు' అనే అంశం మీద రాయమన్నాను. చాళ్ నుంచి కొత్త భవనానికి మారిన కుటుంబంలోని ఒక అమ్మాయి వాళ్ల అవ్వ గురించి రాసింది. అవ్వ ఫ్లాటు తలుపుకు పీట అడ్డం పెట్టి పగలంతా తీసే ఉంచుతుందట. లిఫ్టు వచ్చి ఆగిన చప్పుడు వింటే ఎవరో ఒకరు పలకరిస్తారేమోనని తొంగి చూస్తుందట. వాళ్లమ్మ మాత్రం పీట తీసేసి తలుపు వేస్తుందట, ఇరవై ఏళ్లు తెరిచిన తలుపుతో బతికాను, ఇక చాలు అని. ఇద్దరిలో ఎవరిది ఒప్పో ఆ అమ్మాయి రాయలేదు. పెరటి కథలు రాసినవాళ్లకు సాధ్యం కాని నిగ్రహం ఆ రెండు పేజీల్లో ఉంది.

దిద్దేటప్పుడు ఒక మాట దగ్గర ఆగాం. చాళ్ గురించి రాసినచోటల్లా ఆమె 'గ్యాలరీ' అనే రాసింది. నేను అలవాటు కొద్దీ కొట్టేసి పైన 'వసారా' అని రాశాను. వసారా అంటే ఏమిటి సార్ అని అడిగింది. చెప్పాను. అయితే అది ఒక్కరి ఇంటిదే కదా అంది. నడవ, పంచ, వరండా అన్నీ వరసగా చెప్పి చూశాను. ఇరవై కుటుంబాలు కలిసి వాడుకునే చోటుకు వాటిలో ఏదీ సరిపోలేదు. నేను రాసింది కొట్టేసి, ఆమె మాటనే ఉంచాను.