వాడే పువ్వుకు కిటికీ వెలుగు చాలు

విచ్చిన పువ్వును ఎవరైనా ఫొటో తీస్తారు. వాడుతున్న పువ్వును తీయాలంటే చెయ్యి తిరగాలి. మూలపేటలో మా పిన్ని తీసిన చామంతిని చూసినప్పటి నుంచీ ఈ మాట ఎవరి దగ్గరైనా గట్టిగా అంటున్నాను. అంచు రేకులు గోధుమరంగుకు తిరిగి కిందికి వాలిపోయాయి. నడిమి రేకులు మాత్రం ఇంకా పచ్చగా బిగుసుకునే ఉన్నాయి. గాజుగ్లాసులో నీళ్లు సగానికి దిగాయి. వెనకంతా చీకటి. ఎంత పనితనం!

పిన్నికి వారానికి మూడు రోజులు టెక్కలిలో డయాలిసిస్. సోమ, బుధ, శుక్రవారాలు, మంచమెక్కితే నాలుగు గంటలు. ఇంటికొచ్చిన పూట ఒంట్లో సత్తువ ఉండదు, కెమెరా జోలికే పోదు. మంగళ, గురు, శనివారాల్లో తీస్తుంది. అందుకే ఒకే పువ్వు ఆమె ఫొటోల్లో రెండేసి రోజుల ఎడంతో వాడుతుంది. ఈ వరస ఆస్పత్రి పెట్టిందే.

డయాలిసిస్ సూదుల కోసం రక్తనాళాలు కలిపి ఫిస్టులా చేసిన చేత్తో బరువెత్తకూడదు. కనుక ఫోన్‌ను ఆస్పత్రి ఫైళ్ల దొంతికి ఆనించి, టైమర్ పెట్టి వదిలేస్తుంది. ఫ్లాష్ ముట్టదు. పువ్వుకు పక్కనుంచి వెలుగు పడేలా కిటికీ దగ్గర స్టూలు వేసి, ఎండ చురుక్కుమంటే పాత తెల్లపంచె అడ్డం కడుతుంది. వెనక నల్లగుడ్డ. రేకు అడుగున నీడ మరీ ముదిరితే ఖాళీ మాత్రల అట్ట వెండివైపు తిప్పి కింద పెడుతుంది. ఆ కాస్త తళుకుకే రేకులోని ఈనెలు బయటపడతాయి. తెరమీద పువ్వును తాకి వెలుగును కొంచెం కిందికి దించుతుంది. మందారమైతే ఇంత తీరిక ఇవ్వదు. సాయంత్రానికల్లా వత్తిలా మెలితిరిగిపోతుంది.

ఈ చూపు పిన్నితో మొదలైంది కాదు. పదిహేడో శతాబ్దపు డచ్చి చిత్రకారులే వాలిన పూలను బొమ్మకట్టారు. కెమెరా వచ్చాక ఫొటోగ్రాఫర్లు అందుకున్నారు. స్టైకెన్ 1914లో ఫ్రాన్సులో తీసిన బరువు గులాబీలు, కెర్తేజ్ 1939లో న్యూయార్కులో తీసిన తలవాల్చిన తులిప్ ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. అయినా అందరిలోకీ మేటి జోసెఫ్ సుదేక్! మొదటి ప్రపంచయుద్ధంలో కుడిచెయ్యి పోయింది. ఏళ్ల తరబడి ఆస్పత్రుల్లో గడిపాడు. ఒంటిచేత్తో బరువైన చెక్క కెమెరాలు మోశాడు. 1940 నుంచి 1954 దాకా ప్రాగ్‌లోని తన స్టూడియో కిటికీనే తీస్తూ వచ్చాడు. ఆ కిటికీ గట్టుమీద గ్లాసులో పెట్టిన గులాబీ చాలు, ఆయన్ను తలకెత్తుకోవడానికి. మేపుల్‌తోర్ప్ కూడా గొప్పవాడే. ఎయిడ్స్‌తో 1989లో పోయాడు, జబ్బులోనూ పూలు తీశాడు. కానీ ఆ స్టూడియో దీపాల నిగనిగలో నాకు ఊపిరాడదు. నాది సుదేక్ పక్షం.

కోసిన పువ్వు గోడును కరుణశ్రీ ‘పుష్పవిలాపం’ చేస్తే ఘంటసాల గొంతులో ఇంటింటా విన్నాం. పువ్వు మాట అంతగా విన్న మనం దాని వాడిన మొహాన్ని మాత్రం చూడలేకపోతున్నాం. నిర్మాల్యం తీసినట్టు తీసి పారేస్తాం. వాడిన పూలు ఇంట్లో ఉంటే అరిష్టమనే పెద్దలంటే నాకు గౌరవమే. ఈ ఒక్క విషయంలో వాళ్ల మాట వినను.

ఇక పొద్దున లేస్తే ఫోన్ నిండా శుభోదయం గులాబీలు! కంప్యూటర్ పుట్టించిన రేకులు, ఫిల్టర్ చల్లిన మంచుబొట్లు. ఒక్కదానికి మచ్చ ఉండదు, ఒక్కదానికి ఈనె కనబడదు. పిన్ని చామంతిని ప్రింటుకిస్తే ఒక స్టూడియోవాళ్లు గోధుమ అంచులన్నీ చెరిపి పసుపు పూసి ఇచ్చారు. అందంగా చేశామని పైగా సంబరం! నాలుగు రోజులు కనిపెట్టుకుని చూసిన మనిషి పనిని ఒక్క మీట నొక్కి చంపేశారు. నా కడుపు రగిలిపోయింది.

పిన్నిలాంటివాళ్లను డయాలిసిస్‌కు తోస్తున్న మా ఉద్దానం ప్రాంతపు కిడ్నీజబ్బుకు ఇదీ కారణమని ఇప్పటికీ తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆస్పత్రి తెరిచారు. అక్కడా, టెక్కలిలోనూ, సోంపేటలోనూ డయాలిసిస్ గదుల గోడలకు రోగులు తీసిన పూల ఫొటోలే తగిలించండి. అధికారులకు నా విన్నపం ఇదే. మీ ఇంట్లో డయాలిసిస్‌కు వెళ్లేవాళ్లుంటే కిటికీ దగ్గర ఒక స్టూలు ఖాళీ చేసి ఇవ్వండి. గ్లాసులో పువ్వు వాలిందని పారేయకండి. ప్రింటుకిచ్చేటప్పుడు ఏమీ దిద్దవద్దని కాగితం మీద రాసి మరీ ఇవ్వండి.