ముందు పేరడగాలి

వైఫై రావడం లేదని లాప్‌టాప్ పట్టుకొచ్చే విద్యార్థులను నేను మొదట అడిగేది ఒక్కటే: "లోపలున్న కార్డు ఏది?" చాలామంది లాప్‌టాప్ మూత మీదున్న కంపెనీ పేరు చెబుతారు. కానీ వైఫై చిప్పు ఇంకొకరిది, సౌండ్ చిప్పు మరొకరిది. ఒకే మోడల్ పేరుతో కొన్న రెండు లాప్‌టాప్‌లలో వేర్వేరు వైఫై కార్డులు ఉండటం మామూలే. అది చూసుకోకుండా ఎక్కడో దొరికిన కమాండ్లను వరసగా టెర్మినల్‌లో అతికించేస్తుంటారు. లినక్స్‌లో డ్రైవర్ల పని అంటే అసలు నేర్పంతా యంత్రాన్ని ప్రశ్నించడంలో ఉంది, అది చెప్పింది పూర్తిగా వినేదాకా చేయి ఆపుకోవడంలో ఉంది.

యంత్రం నిజంగానే చెబుతుంది. పీసీఐ స్లాట్‌లో ఉన్నా, యూఎస్‌బీ పోర్టుకు తగిలించినా ప్రతి పరికరం రెండు సంఖ్యలు వెంటబెట్టుకుని వస్తుంది. ఒకటి తయారీదారుది, ఇంకొకటి ఆ పరికరానిది. ఒక్కోటీ నాలుగు హెక్స్ అంకెలు. ఇంటెల్ పీసీఐ పరికరాలన్నిటి మీదా 8086 ఉంటుంది. 1978లో ఆ కంపెనీ తెచ్చిన ప్రాసెసర్ పేరే అది. పీసీఐ పరికరాలను చూపే ఎల్ఎస్‌పీసీఐ కమాండుకు ఎన్ఎన్‌కే అనే ఆప్షన్ చేరిస్తే ఈ సంఖ్యలతో పాటు రెండు వరసలు కనిపిస్తాయి: ఇప్పుడు ఆ పరికరాన్ని నడుపుతున్న డ్రైవర్ ఏది, నడపగల మాడ్యూళ్లు (అవసరమైనప్పుడు కెర్నల్‌లోకి ఎక్కించే డ్రైవర్ ముక్కలు) ఏవి. రెండో వరసలో పేరుండి మొదటి వరస అసలు లేకపోతే, తగిన మాడ్యూల్ మన దగ్గర ఉంది కానీ ఏదో దాన్ని అడ్డుకుంటోందన్నమాట. రెండు వరసలూ లేకపోతే అది వేరే కథ.

మామూలుగా అయితే మనం ఇందులో వేలు పెట్టే అవసరమే రాదు. డ్రైవర్ రాసినవాళ్లు తాము నడపగల పరికరాల సంఖ్యల పట్టికను కోడ్‌లోనే పెడతారు. డెప్‌మాడ్ అనే ప్రోగ్రామ్ అన్ని మాడ్యూళ్ల పట్టికలనూ ఏరి ఒక ఫైలులో పేరుస్తుంది. పరికరం కనబడగానే కెర్నల్ ఆ సంగతి యూడెవ్ అనే ప్రోగ్రామ్‌కు చెబుతుంది, పట్టికలో సరిపోయిన మాడ్యూల్ మెమరీలోకి ఎక్కుతుంది. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ బయటపెట్టిన కెర్నల్‌లో ఇవేవీ లేవు. డ్రైవర్లన్నీ కెర్నల్‌లోనే కలిపి కంపైల్ చేయాల్సిందే. మాడ్యూళ్లు 1990ల మధ్యలో వచ్చాయి, యూడెవ్ 2003లో.

పరికరం నుంచి మాడ్యూల్ దాకా ఉన్న ఈ గొలుసు ఎక్కడ తెగిందో కనుక్కోవడమే మన పని. నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం డీమెసేజ్ చదవడం. బూట్ అయినప్పటి నుంచి కెర్నల్ చెప్పుకుంటూ పోయింది అందులో ఉంటుంది. ఫర్మ్‌వేర్ లోడ్ కాలేదు, ఎర్రర్ మైనస్ 2 అని ఒక్క ముక్క కనబడితే చాలు: మైనస్ 2 అంటే ఫైలు లేదని. మాడ్యూల్ ఎక్కింది, చిప్పు దొరికింది, కానీ చిప్పులోకి పంపాల్సిన ఫర్మ్‌వేర్ ఫైలు డిస్కులో లేదు. అలాంటప్పుడు డ్రైవర్‌ను పదిసార్లు తీసి పెట్టినా ఏం లాభం? ఈ ఫర్మ్‌వేర్‌కు సోర్సు ఉండదు కాబట్టి డెబియన్ వాళ్లు చాలాకాలం తమ అధికారిక ఇన్‌స్టాలర్‌లో చేర్చలేదు. 2022లో ఓటింగ్ పెట్టుకుని చేర్చాలని తీర్మానించారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి అది అమల్లో ఉంది. పాత నియమం వెనకున్న పట్టుదల మీద నాకు గౌరవం ఉంది. అయినా ఈ నిర్ణయం సరైనదే అంటాను. వైఫై లేనివాణ్ని వైఫై ఫైలు నెట్‌లోంచి దించుకోమనడం న్యాయం కాదు.

ఆ మధ్య ఇంజనీరింగ్ చదివే అమ్మాయి ఒకతె వచ్చింది. "నిన్నటిదాకా వైఫై బాగానే వచ్చింది సార్, నేనేం మార్చలేదు."

"ఏమైనా తీసేశావా అమ్మా?"

"కంపెనీ డ్రైవర్ ఒకటి ఉంటే తీసేశాను సార్. కెర్నల్‌లోనే మంచిది ఉందన్నారు."

ఆమె విన్నది నిజమే. ఎల్ఎస్‌పీసీఐలో మాడ్యూల్ పేరు కనబడుతోంది, నడుపుతున్న డ్రైవర్ మాత్రం ఏదీ లేదు. మోడ్‌ప్రోబ్‌తో ఆ మాడ్యూల్‌ను పేరు పెట్టి పిలిస్తే వైఫై వెంటనే వచ్చింది. రీబూట్ చేస్తే మళ్లీ పోయింది. కారణం ఈటీసీ కింద మోడ్‌ప్రోబ్ డాట్ డీ అనే డైరెక్టరీలో ఉంది. కంపెనీ డ్రైవర్ ప్యాకేజీ వచ్చినప్పుడు తనకు పోటీ లేకుండా కెర్నల్ మాడ్యూల్‌ను బ్లాక్‌లిస్ట్ చేస్తూ అక్కడో ఫైలు పెట్టింది. ఉబుంటూలో ప్యాకేజీని రిమూవ్ చేస్తే ఈటీసీలోని ఫైళ్లు అలాగే ఉండిపోతాయి. పర్జ్ చేస్తేనే పోతాయి. ఇంకో సంగతి చాలామంది గమనించరు. బ్లాక్‌లిస్ట్ అడ్డుకునేది సంఖ్యలు చూసి తనంతట తాను ఎక్కడాన్ని మాత్రమే. పేరు పెట్టి పిలిస్తే మాడ్యూల్ ఎక్కుతుంది, వేరే మాడ్యూల్‌కు అవసరమైనా ఎక్కుతుంది. బూట్ మొదట్లోనే ఎక్కే గ్రాఫిక్స్ లాంటి మాడ్యూళ్లయితే అప్పుడు వాడే ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ అనే తాత్కాలిక ఫైల్‌సిస్టమ్‌ను కూడా మళ్లీ తయారుచేయాలి, లేకపోతే మనం మార్చిన ఫైలును కాక అందులోని పాత నకలునే కెర్నల్ చూస్తుంది.

కంపెనీలు తమ చిప్పుల వివరాలు ఇవ్వని రోజుల్లో ఏం జరిగిందో కుర్రవాళ్లకు తప్పకుండా చెబుతాను. బ్రాడ్‌కామ్ వైఫై చిప్పులకు ఒకప్పుడు లినక్స్‌లో స్వేచ్ఛా డ్రైవర్ లేదు. కొందరు విండోస్ డ్రైవర్‌నే ఎన్‌డీఐఎస్‌రాపర్ అనే తొడుగులో పెట్టి నడిపేవారు. అప్పుడు కొంతమంది ప్రోగ్రామర్లు రెండు బృందాలుగా విడిపోయారు. ఒక బృందం దొరికిన బైనరీ డ్రైవర్‌ను విప్పి చదివి, చిప్పుకు ఏం రాస్తే ఏం చేస్తుందో మాటల్లో రాసిపెట్టింది. ఆ బైనరీ వైపు కన్నెత్తి చూడని రెండో బృందం ఆ వివరణ ఒక్కటే దగ్గర పెట్టుకుని కొత్త డ్రైవర్ రాసింది. కాపీ కొట్టారన్న మాట రాకుండా అంత నిష్ఠగా పనిచేశారు. 2006లో 2.6.17 కెర్నల్‌లో అది చేరింది. బ్రాడ్‌కామ్ తన కొత్త చిప్పులకు సోర్సుతో సహా డ్రైవర్ విడుదల చేసింది 2010 సెప్టెంబరులో. ఆ మధ్య కాలంలో పాత లాప్‌టాప్ మీద లినక్స్ వేసుకున్న ఎందరో విద్యార్థులకు నెట్ అందిందంటే, ముక్కూ మొహం తెలియని ఆ మనుషుల చలవే.

3జీ డాంగిళ్ల కాలం గుర్తుందా? అమీర్‌పేట హాస్టల్ గదుల్లో ఒక డాంగిల్‌ను నలుగురు పంచుకున్న రోజులవి. లినక్స్‌లో గుచ్చితే మోడెమ్ బదులు సీడీ డ్రైవ్ కనబడేది. విండోస్ సాఫ్ట్‌వేర్‌ను తనలోనే దాచుకుని వచ్చేందుకు అది మొదట సీడీనని చెప్పుకునేది; ఒక సంకేతం పంపితే మోడెమ్‌గా మారేది. హువావే డాంగిల్ ఒకదానిలో రెండో సంఖ్య 1446గా మొదలై 1001 అయ్యేది. యూఎస్‌బీ మోడ్‌స్విచ్ అనే చిన్న ప్రోగ్రామ్ ఆ సంకేతం పంపే పని చేసేది, ఆ తర్వాతే మోడెమ్ డ్రైవర్‌కు అందులో పని దొరికేది. పరికరం రెండు పేర్లు చెబుతుందని తెలియనివాళ్లు రాత్రంతా కూర్చున్నా కనెక్షన్ వచ్చేది కాదు.

కెర్నల్ బయట ఉండే డ్రైవర్ల గురించి క్లుప్తంగా నా అభిప్రాయం: తప్పనిసరైతేనే. కెర్నల్ లోపలి ఇంటర్‌ఫేస్‌లను స్థిరంగా ఉంచుతామని ఎవరూ మాట ఇవ్వలేదు, కావాలనే ఇవ్వలేదు. లోపలున్న డ్రైవర్లను ఇంటర్‌ఫేస్ మార్చినవాళ్లే సరిచేసి పెడతారు, బయటున్నవి విరిగిపోతాయి. డీకేఎంఎస్ ప్రతి కొత్త కెర్నల్‌కూ వాటిని మళ్లీ కంపైల్ చేస్తుంది గానీ, కెర్నల్ హెడర్లు లేకపోతే అదీ చేతులెత్తేస్తుంది. సెక్యూర్ బూట్ ఉంటే సంతకం లేని మాడ్యూల్‌ను కెర్నల్ మామూలుగా రానివ్వదు. మరి కొనేముందే కార్డు సంఖ్యలు కనుక్కుని, కెర్నల్‌లో డ్రైవర్ ఉందో లేదో చూసుకోవడానికి బద్ధకమెందుకు?

రెండు వరసలూ లేని పరికరం సంగతి వాయిదా వేశాను కదా. చిప్పు పాతదే అయి, కంపెనీ కొత్త సంఖ్య వేసి అమ్మితే పట్టికలో అది ఉండదు. అప్పుడు సిస్ కింద ఆ డ్రైవర్ డైరెక్టరీలో ఉండే న్యూ ఐడీ అనే ఫైలులోకి ఆ రెండు సంఖ్యలూ రాసి చూడవచ్చు. పీసీఐ, యూఎస్‌బీ డ్రైవర్లు చాలావరకు దీనికి ఒప్పుకుంటాయి. పరికరం పనిచేసిందా, మీ చేతిలో ఒక్క వరస ప్యాచ్ ఉన్నట్టే. కెర్నల్ పట్టికలో ఆ వరస చేరిస్తే అదే కార్డు కొన్న ప్రతివారికీ అది దానంతటదే నడుస్తుంది. కొత్త సంఖ్య చేర్చే ప్యాచ్‌లను ఇప్పటికే విడుదలైన స్టేబుల్ కెర్నళ్లలోకి కూడా తీసుకుంటారు. ఎవరికి పంపాలో సోర్సులోని మెయింటైనర్స్ ఫైలు చెబుతుంది. ఏ కార్డు, సంఖ్యలేమిటి, దాని మీద ఏమేం పరీక్షించారు అన్నది నాలుగు వాక్యాల్లో రాసి పంపండి.