ఖాన్ ముందే తీర్చిన బాకీ

మేం 'అంధా కానూన్' చూసింది రజనీకాంత్ కోసం కాదు, ఖాన్ కోసం.

1981లో ఎస్.ఏ. చంద్రశేఖర్ తక్కువ డబ్బుతో తమిళంలో 'సట్టం ఒరు ఇరుట్టరై' తీశాడు. అదే ఏడు చిరంజీవితో తెలుగులో 'చట్టానికి కళ్లులేవు' వచ్చింది. ఇంటివాళ్లను చంపినవాళ్లను తమ్ముడు ఒక్కొక్కరినే మట్టుబెడుతుంటాడు, పోలీసు అక్క చట్టం చట్టం అంటూ అడ్డుపడుతుంటుంది. కథ ఇంతే. 1983లో మన తాతినేని రామారావు దీన్ని హిందీలోకి తీసుకెళ్లాడు. అందులో అమితాబ్ అతిథి. పేరు జాన్ నిసార్ అఖ్తర్ ఖాన్. ఉర్దూ కవి జాన్ నిసార్ అఖ్తర్ పేరుకు ఖాన్ తగిలించినట్టుంటుంది.

ఈ ఖాన్ అత్తరమ్మే సాయిబు కాదు. ఖవ్వాలీకి చప్పట్లు కొట్టేవాడూ కాదు. వచ్చీరాని తెలుగు మాట్లాడి నవ్వించే మన సినిమాల బూబమ్మ మొగుడు అసలే కాదు. ఫారెస్టు ఆఫీసరు. సర్కారు కొలువును నమ్మినవాడు. అడవి దొంగ ఒకడు చచ్చినట్టు నాటకమాడితే, ఖాన్ హంతకుడై జైలుకు పోతాడు. ఇక్కడ పెళ్లాం, బిడ్డ దక్కకుండా పోతారు. (ఆమె ఈ సినిమాలో ఉన్నదే చావడానికి. అది మాకు మింగుడు పడదు.) శిక్ష ముగించుకొని బయటికొచ్చిన ఖాన్ ఆ 'చచ్చినవాణ్ణి' కోర్టులోనే చంపుతాడు. దీనికి శిక్ష ముందే అనుభవించానంటాడు.

చట్టం ప్రకారం ఇది చెల్లదు. ఒకే నేరానికి రెండుసార్లు శిక్ష వేయరాదని రాజ్యాంగం 20(2) చెబుతుంది, నిజమే. కానీ ఖాన్‌కు శిక్ష పడ్డ నేరం అసలు జరగనే లేదు. కోర్టులో చేసింది కొత్త హత్య. ఏ ప్లీడరునడిగినా చెబుతాడు. ఈల వేసినవాళ్లెవరూ ప్లీడర్నడగలేదు, మేమూ అడగలేదు. ఆ ఈలల్లో ఏది హిందువుది, ఏది తురకది అని తేల్చడం ఎవరి తరం? ఖాన్ కోపం హాలంతటి కోపమైంది. మాకు ఆ సినిమాలో దక్కింది అదే.

తర్వాత పదేళ్లు తిరక్కుండానే 1992లో 'రోజా' వచ్చింది. తుపాకీ పట్టిన ముస్లిం దేశం మీదికే గురిపెట్టాడు. ఈలలు అటు మళ్లాయి. ఖాన్‌కున్న ఇల్లూ కొలువూ తనకు జరిగిన అన్యాయమూ ఆ తరహా పాత్రల్లో ఎన్నింటికి మిగిలాయి?

2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. ఆ తర్వాత పోలీసులు పట్టుకుపోయిన మా కుర్రాళ్లను కోర్టులు నిర్దోషులన్నాయి. చేయని నేరానికి జైలు చూసొచ్చినవాళ్లు వాళ్లు, అచ్చం ఖాన్ లాగే. సినిమా లెక్కన వాళ్లకూ ఒక నేరం బాకీ ఉన్నట్టే. వాళ్లు ఆ బాకీ అడగలేదు. బయటికొచ్చి పని వెతుక్కున్నారు.