ఆకు తడిసిందా?

మిరప తోటలో మందు కొట్టే రోజున నాన్న ముందుగా ఒక పని చేసేవాడు. మందు పోయకముందే, సబ్బు కలిపిన బకెట్‌లో ఒక ఆకు ముంచి పైకి తీసి ఎండకేసి చూసేవాడు. నీళ్లు పూసల్లా జారిపోతే "ఆకు తడవలేదురా, ఇంకాస్త సబ్బు నీళ్లు పొయ్యి" అనేవాడు. ఆకంతా పల్చగా పరుచుకుంటేనే మందు సీసా మూత తీసేవాడు.

మా ఊళ్లో ఏ మందు, ఎన్ని మిల్లీలు అన్న మాటే పొద్దస్తమానం నడుస్తుంది. ట్యాంకులో నూటికి తొంభై తొమ్మిది పాళ్లు నీళ్లే, ఆ నీళ్ల సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. నీటికి ముడుచుకునే గుణం ఎక్కువ. దాని తలతన్యత మీటరుకు 72 మిల్లీన్యూటన్లు. ఆకు మీద ఉండే మైనపు పూతకూ నీటికీ పొసగదు, బొట్టు అలాగే ముడుచుకుని కూర్చుంటుంది. సబ్బు పడితే ఆ బిగువు 30 దరిదాపులకు దిగి, బొట్టు చాప పరిచినట్టు పరుచుకుంటుంది. బొట్టు అంచు ఆకుతో చేసే కోణంలోనే తడి లెక్కంతా ఉందని థామస్ యంగ్ 1805లో చెప్పాడు. నాన్న ఎండకేసి చూసింది ఆ కోణాన్నే.

తామరాకు మీద నీటిబొట్టు అని మనం ఎప్పటినుంచో అంటున్నాం. ఆ ఆకు మీద కంటికి కనపడని మైనపు గరుకు ఉంటుందనీ, బొట్టు కింద గాలి చిక్కుకుంటుందనీ జర్మనీ వృక్షశాస్త్రజ్ఞులు బార్త్‌లాట్, నైన్‌హూయిస్ 1997లో వివరించారు. పచ్చదోమను ఆపే నూగు ఉన్న పత్తి ఆకు మీదా ఇలాంటి చిక్కే. చిన్న బొట్టు నూగు కొసల మీదే ఆగి, ఆకును తాకకుండానే ఆరిపోవచ్చు.

2021-22లో నల్ల తామర పురుగు గుంటూరు, ప్రకాశం తోటల మీద పడింది. పూలలో దూరి కూర్చునే పురుగది. పూత రాలుతుంటే చూడలేక, మందు బాగా అంటుకోవాలని సబ్బు రెండింతలు వేశాను. బొట్లన్నీ కలిసిపోయి నీరు ఆకు కొసకు పరుగెత్తింది. కొంత నేల పాలైంది. కొసన నిలిచింది ఆరేకొద్దీ చిక్కబడి, మూడో రోజుకు ఆకుల కొసలు గోధుమ రంగుకు మాడాయి. పురుగు పూలలోనే ఉంది. నాన్న ఆ మాడిన ఆకును వేళ్ల మధ్య నలిపి చూశాడు, ఏమీ అనలేదు. ఆయన తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇక పుష్యమాసంలో తెల్లారేసరికి ఆకుల మీద అప్పటికే మంచు పొర ఉంటుంది. దాని మీద కొడితే మందు పల్చబడి మంచుతో పాటే నేలకు దిగుతుంది. అందుకే పంపు పక్కన పెట్టి గట్టు మీద కూర్చుంటాను. పొద్దెక్కేకొద్దీ ఆకు నడుమ ముందు ఆరుతుంది, ఈనెల పక్కన తడి కాసేపు మిగులుతుంది, చివరికి కొసన ఒక్క బొట్టు వేలాడుతుంది. అదీ పోయాక లేచి, ఒక ఆకు తుంచి సబ్బు నీళ్లలో ముంచుతాను.